ఖాళీ దినం ఎవరి సొత్తు?

(పనుల ప్రణాళికలో వెసులుబాటు, రక్షణ గడువు అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో ఏదో ఒక సమయంలో అందరికీ ఎదురయ్యే విషయాన్ని గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. మనలో ఇల్లు కట్టనివారు, కట్టించాలని అనుకోనివారు తక్కువ. ఇల్లు మొదలుపెట్టిన ప్రతివారికీ ఒక ముగింపు తేదీ ఉంటుంది. పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం కావచ్చు, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసిన నెల కావచ్చు, బ్యాంకు వాయిదా మొదలయ్యే రోజు కావచ్చు. ఆ తేదీకి పని పూర్తయిన ఇళ్లు ఎన్ని? చేతుల వేళ్లు చాలునేమో. ఆలస్యమైన ప్రతిచోటా మేస్త్రీనో, వడ్రంగినో, వాననో తిట్టుకుని ఊరుకుంటాం. తప్పు చాలాసార్లు వారిది కాదు, మన లెక్కది. ఆ లెక్కలో ఖాళీ దినాలను మనం సరిగ్గా గుర్తుపట్టడం లేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

మొదట నా తప్పుతోనే ఆరంభిస్తాను.

నేను సివిల్ ఇంజనీరింగు చదువు ముగించిన కొత్తలో హోసూరు దగ్గర మా చిన్నాయన ఇల్లు కడుతూ ఉన్నాడు. చదువుకున్న బిడ్డ ఇంట్లో ఉన్నాడు గదా అని లెక్క నన్ను వేయమన్నాడు. స్లాబు పోసిన నాటి నుంచి రంగులు ముగిసే దాకా ఒక్కొక్క పనికీ దినాలు రాసి, కూడి, డెబ్బై అయిదు అని తేల్చాను. ఆ డెబ్బై అయిదో రోజుకే గృహప్రవేశ ముహూర్తం పెట్టించాడు. శుభలేఖలు పంచాం. ఇనుము రావడం జాగు కావడంతో స్లాబు ఆరు రోజులు ఆలస్యంగా పోశాం.

ఇక ఆ ఆరు రోజులను ఎక్కడ పూడ్చుకోవాలి? స్లాబు కింద సెంట్రింగు పద్నాలుగు రోజులు ఉంచాలని నా లెక్కలో ఉంది. ఆ పద్నాలుగు రోజులూ ఇంట్లో ఒక్క కూలీ కూడా ఉండడు, నీళ్లు పట్టే మనిషి తప్ప. చిన్నాయన కంటికి అవి ఖాళీ దినాలుగా కనబడ్డాయి. 'ఎనిమిదో నాటికి విప్పేస్తే సరిపోతుంది గదా' అన్నాడు. పుస్తకం చదివిన నేను వద్దని చెప్పలేదు. తల ఊపాను.

ఒప్పుకోనిది మేస్త్రీ. చదువు రాని పెద్దాయన. 'సామీ, ఈ దినాలు మనకు ఖాళీగా ఉండాయి గానీ, లోపల సిమెంటు పని చేస్తా ఉంది. దాని దినాలు మనం తీసుకోకూడదు' అన్నాడు. ముందు గదిలో పెద్ద బీము ఉంది. దాని కింది కర్రలను నేను ముట్టను, కావాలంటే వేరే మనిషిని పెట్టుకోండి అని కచ్చితంగా చెప్పేశాడు. చిన్నాయన కోపగించుకున్నా చివరికి ఆయన మాటే నెగ్గింది.

ముహూర్తం నాటికి కిటికీలకు రెక్కలు లేవు. గోనెపట్టాలు కట్టాం. రెండు గదులకు రంగు లేదు. పాలు పొంగిస్తూ మా పిన్నమ్మ బంధువుల ముందు తల ఎత్తలేకపోయింది. ఆ ఇల్లు మాత్రం ఇవాళ్టికీ బీటు లేకుండా నిలిచి ఉంది. ఆ రోజు మేస్త్రీ చెప్పిన మాటలో ఒక శాస్త్రం ఉందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

మూడు రకాల ఖాళీ దినాలు

పని జరగనట్టు కనబడే దినాలు మూడు రకాలు.

మొదటివి, పని మనుషులు లేకపోయినా పని జరిగే దినాలు. కాంక్రీటు గట్టిపడటం, పూత ఆరడం, నానడం ఈ కోవలోవి. 2000 సంవత్సరపు ఐ.ఎస్. 456 ప్రమాణం ఈ దినాలకు కనీస సంఖ్యలు పెట్టింది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసి, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గనప్పుడు, 4.5 మీటర్ల లోపు స్లాబు కింది కర్రలను 7 రోజులు, అంతకు మించిన స్లాబుకు 14 రోజులు ఉంచాలి. 6 మీటర్ల లోపు బీముకు 14 రోజులు, దాటితే 21 రోజులు. నీళ్లు పట్టడానికి మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంట్లకు కనీసం 10 రోజులు అని చెప్పింది. ఎండ, వడగాలి ఉన్నచోట ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు. చంద్రపురం, సిరొంచ వైపు ఎండాకాలంలో ఇల్లు కట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఈనాడు ఇళ్లకు వాడే సిమెంటులో ఎక్కువ భాగం బూడిద కలిసినదే కాబట్టి సెంట్రింగు విప్పే రోజును ఇంజనీరును అడిగి తెలుసుకోవడం మేలు. ఈ దినాలు ఎవరి సొత్తూ కావు. వీటిని కోయడానికి మనకు హక్కు లేదు.

రెండోవి, పనుల అల్లిక నుంచి వాటంతట అవే పుట్టే ఖాళీ దినాలు. వాటిని ఇంగ్లీషులో స్లాక్ అని, ఫ్లోట్ అని అంటారు. మన భాషలో వెసులుబాటు అనే చక్కని మాట ఉంది. ఒక పని కొన్ని రోజులు ఆలస్యమైనా మొత్తం పని ముగింపు కదలకుండా ఉంటే, ఆ కొన్ని రోజులే ఆ పనికి ఉన్న వెసులుబాటు.

మూడోవి, తెలిసి, కావాలని, మనమే చేర్చుకునే దినాలు. వీటిని బఫర్ అంటారు. నేను రక్షణ గడువు అంటాను. వెసులుబాటు లెక్కలో తేలేది. రక్షణ గడువు మనం పెట్టుకునేది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా తేదీలు తప్పుతాయి.

సేద్యం చేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అదను, పదను అని రైతు అంటాడు. విత్తనానికి అదను దాటకూడదు. గట్టు చెక్కే పని నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. ఏది ఆగకూడదో, ఏది ఆగవచ్చో రైతుకు చేతి మీద తెలుసు. పెద్ద కట్టడాలలో పనులు వందలు, వేలు అయ్యేసరికి ఆ తెలివిని లెక్కగా మార్చవలసి వచ్చింది.

ఈ లెక్క ఎక్కడ పుట్టింది?

అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల సంస్థలో మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ అనే కంప్యూటర్ల సంస్థలో జేమ్స్ కెల్లీ 1957 ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించారు. యూనివాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద లెక్కలు వేశారు. దీనికే తరువాత క్రిటికల్ పాత్ పద్ధతి అని పేరు స్థిరపడింది. మనం కీలక మార్గం అనుకుందాం. లూయిస్‌విల్‌లోని డ్యూపాంట్ కర్మాగారాన్ని మరమ్మతు కోసం నిలిపినప్పుడు అంతకు ముందు సగటున 125 గంటలు పట్టేది. ఈ లెక్క వాడిన తరువాత అది 93 గంటలకు దిగింది. మనుషులందరినీ తొందరపెట్టినందువల్ల కాదు. ఏ పనిని తొందరపెడితే మొత్తం కదులుతుందో తెలిసినందువల్ల.

దాదాపు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతిని తయారుచేసుకుంది. దినాలు నిశ్చయంగా చెప్పలేని కొత్త పనులకు మూడు అంచనాలు అడగాలని అది చెప్పింది. అంతా కలిసివస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని? మామూలు అంచనాను నాలుగు రెట్లు చేసి, మిగతా రెంటినీ కలిపి, ఆరుతో భాగించాలి. నేల బండలు పరచడానికి కలిసివస్తే 9, మామూలుగా 12, ఎదురు తిరిగితే 21 రోజులు అనుకోండి. 9, 48, 21 కలిపితే 78. ఆరుతో భాగిస్తే 13. మామూలు అంచనా కంటే ఒక రోజు ఎక్కువ వచ్చింది. ఎందుకంటే పని ముందుకు జరిగే అవకాశం కంటే వెనక్కు జారే అవకాశం ఎప్పుడూ పెద్దది.

1960 జూలై 20న జార్జి వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీటి అడుగు నుంచి పోలారిస్‌ను ప్రయోగించింది. పెర్ట్‌కు పెద్ద పేరు వచ్చింది. అయితే ఆ విజయంలో పెర్ట్ పాత్ర చెప్పుకున్నంత లేదని హార్వీ సపోల్‌స్కీ 1972లో వెలువరించిన తన గ్రంథంలో వాదించాడు. కాగితం మీది పటం దానంతట అది పని చేయదు. దాన్ని చూసి నిర్ణయం తీసుకునే మనిషి కావాలి. ఈ హెచ్చరికను మనసులో ఉంచుకుని మా చిన్నాయన ఇంటికి తిరిగి వెళదాం.

ఒక ఇంటి లెక్క

స్లాబు పోసిన రోజును సున్నా అనుకోండి. ప్రధాన వరుస ఇది.

సెంట్రింగు కింద స్లాబు, బీము గట్టిపడటం 14 రోజులు.
సెంట్రింగు విప్పి శుభ్రం చేయడం 3 రోజులు. మొత్తం 17.
గోడలు చెక్కి కరెంటు పైపులు బిగించడం 6 రోజులు. మొత్తం 23.
లోపలి గోడల పూత 15 రోజులు. మొత్తం 38.
పూతకు నీళ్లు పట్టడం 7 రోజులు. మొత్తం 45.
నేల బండలు 12 రోజులు. మొత్తం 57.
తలుపు రెక్కలు, కిటికీ రెక్కలు బిగించడం 3 రోజులు. మొత్తం 60.
రంగులు 15 రోజులు. మొత్తం 75.

ఒకటి ముగిస్తే గాని రెండోది మొదలు కాదు. ఈ వరుసలో ఏ పని ఒక్క రోజు జారినా ఇల్లు ఒక రోజు జారుతుంది. అన్నింటికంటే పొడవైన వరుస ఇదే కాబట్టి ఇది కీలక మార్గం. ఇందులోని పనులకు వెసులుబాటు సున్నా.

రెండో వరుస వడ్రంగిది. కోత మిల్లులో కలప కోయించడం 10 రోజులు, రెక్కలు తయారుచేయడం 25, ప్రైమరు పూత 5. మొత్తం 40 రోజులు. ఆ రెక్కలు మనకు కావలసింది 57వ రోజు తరువాత, బిగించేటప్పుడు. 57లో 40 పోతే 17. వడ్రంగి వరుసకు 17 రోజుల వెసులుబాటు ఉంది.

చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. ఆ 17 రోజులు ఎవరివి? కోత మిల్లువాడు తనవి అనుకుంటాడు. వడ్రంగి తనవి అనుకుంటాడు. ప్రైమరు పూసేవాడు తనవి అనుకుంటాడు. కాగితం మీద మూడు పనుల ఎదుటా 17 అనే రాసి ఉంటుంది గదా! నిజానికి ఉన్నవి యాభై ఒకటి కావు, పదిహేడే. కోత మిల్లులో 12 రోజులు జాగైందనుకోండి. 'పదిహేడు ఉన్నాయి గదా, పన్నెండేగా' అంటాడు. అతడి తరువాతివారికి మిగిలినవి 5. వడ్రంగి 8 రోజులు జాగు చేశాడు. 'పదిహేడులో ఎనిమిదేగా' అంటాడు. రెండూ కలిపితే 20. వెసులుబాటు దాటి మూడు రోజులు. ఇల్లు 75కు బదులు 78వ రోజున ముగుస్తుంది. ఎవరూ తమ హద్దు దాటలేదు, తేదీ మాత్రం తప్పింది.

వెసులుబాటు పనిది కాదు, వరుసది. చెరువు నీరు ఒక మడిది కానట్టే. పై మడివాడు తూము తెరిచి పెట్టుకుంటే కింది మడి ఎండుతుంది. ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. తన తరువాతి పనిని ఏమాత్రం కదిలించకుండా వాడుకోగల రోజులను స్వేచ్ఛా వెసులుబాటు అంటారు. ఈ వరుసలో కోత మిల్లుకు అది సున్నా, వడ్రంగికి సున్నా, చివరన ఉన్న ప్రైమరు పూతకు మాత్రమే 17. ముందువారు కాలయాపన చేస్తే చివరివాడి సొత్తు కరిగిపోతుంది. చివరివాడు ఎప్పుడూ తిట్లు తినడానికి కారణం ఇదే.

తొందరపెట్టవలసింది ఎవరిని?

ముహూర్తం దగ్గర పడితే చేతిలో ఉన్న డబ్బును ఎవరికి ఎక్కువ ఇవ్వాలి? రోజూ కంటికి కనబడేవాడికి ఇస్తాం. వడ్రంగికి ఎక్కువ కూలి ఇచ్చి నలభై రోజుల పనిని ముప్ఫైకి ముగింపజేశామనుకోండి. ఇంటికి కలిసొచ్చిన రోజులు సున్నా. రెక్కలు తయారై ఓ మూల పేర్చి ఉంటాయి, నేల పరచడం కోసం ఎదురు చూస్తూ. అదే డబ్బుతో బండలు పరిచే ఇంకో జట్టును పెట్టి 12 రోజులను 8కి తెస్తే ఇల్లు నాలుగు రోజులు ముందుకు వస్తుంది. అప్పుడు వడ్రంగి వరుస వెసులుబాటు 17 నుంచి 13కు తగ్గుతుంది. అంటే ఒక వరుసను కుదిస్తే మరొక వరుస బిగుస్తుంది. బిగుస్తూ బిగుస్తూ అదే కీలక మార్గంగా మారవచ్చు. అందుకే లెక్కను ఒకసారి వేసి గోడకు తగిలిస్తే చాలదు, వారం వారం తిరిగి చూసుకోవాలి.

మూడో వరుస ప్రహరీ గోడ. ఇరవై రోజుల పని. ఇంటి లోపలి పనులతో దానికి సంబంధం లేదు. 75లో 20 పోతే 55 రోజుల వెసులుబాటు. ఎప్పుడైనా కట్టుకోవచ్చు అనిపిస్తుంది. అయితే ప్రహరీ కట్టేది, లోపలి పూత వేసేది ఒకే మేస్త్రీ జట్టు అనుకోండి. మన పల్లెల్లో అలాగే జరుగుతుంది. పూత 23వ రోజున మొదలు కావాలి. అతడు ప్రహరీని సున్నా రోజున మొదలుపెడితే ఇరవయ్యో రోజుకు ముగించి పూతకు వస్తాడు. పదో రోజున మొదలుపెడితే ముప్ఫయ్యో రోజు దాకా గోడ మీదనే ఉంటాడు. పూత ఏడు రోజులు ఆగుతుంది, దానితో ఇల్లూ ఆగుతుంది. పూతకు ముందు ప్రహరీ కట్టదలిస్తే కాగితం మీది 55 రోజుల వెసులుబాటు నిజానికి 3 రోజులే. అంతకు జాగైతే పూత ముగిసేదాకా ప్రహరీని ఆపడం మంచిది. పనుల వరుసతో పాటు మనుషుల వరుసను కూడా చూడాలి. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో క్రిటికల్ చైన్ అనే పుస్తకంలో గట్టిగా చెప్పినది ఈ సంగతే. వృత్తిరీత్యా భౌతికశాస్త్రం చదివిన ఆయన ఈ విషయాన్ని నవలగా రాశాడు.

దాచుకున్న దినాలు

ఇక రక్షణ గడువు సంగతి. 'మా దగ్గర ప్రతి ఒక్కరూ నాలుగు రోజులు ఎక్కువే చెబుతారు, అయినా ఆలస్యమే అవుతుంది. ఇంకా గడువు ఎందుకు?' అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న.

తిట్లు పడతాయనే భయంతో ప్రతివారూ తమ అంచనాలో కొన్ని రోజులు దాచుకుంటారు. దాచుకున్న రోజులు రెండు విధాల ఆవిరైపోతాయి. మొదటిది, ఉన్న సమయం అంతటికీ పని సాగుతుంది. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ఎకనమిస్ట్ పత్రికలో రాసిన వ్యాసం నుంచి దీన్ని పార్కిన్సన్ సూత్రం అంటున్నారు. రెండోది, సమయం ఉంది గదా అని పని మొదలుపెట్టడమే జాగు చేస్తారు. పరీక్ష వాయిదా పడితే పిల్లలు ఏం చేస్తారో తల్లులకు చెప్పనక్కరలేదు. తీరా ఆఖరు రోజుల్లో ఏ అడ్డంకి వచ్చినా కాచుకోవడానికి ఏమీ మిగలదు. ఒకవేళ ఎవరైనా ముందే ముగించినా ఆ సంగతి చెప్పరు. చెబితే వచ్చేసారి తక్కువ రోజులు ఇస్తారని భయం. జాగు మాత్రమే తరువాతి పనికి చేరుతుంది, లాభం చేరదు.

అందుకే దాచిన దినాలను అందరి దగ్గర నుంచి తీసి, ఒకేచోట, అందరికీ కనబడేటట్టు, పని చివర పెట్టాలి. గోల్డ్‌రాట్ మార్గం ఇదే. అలా చేస్తే దినాలు కూడా తక్కువ చాలుతాయి. కరెంటు పైపులు, పూత, నేల, రంగులు అనే నాలుగు పనులకూ తలా 4 రోజులు కావాలనుకోండి. విడివిడిగా దాచుకుంటే 16. నాలుగూ ఒకేసారి పూర్తిగా జాగు కావడం అరుదు కాబట్టి ఒక్కొక్కదాని వర్గాన్ని కూడి వర్గమూలం తీస్తారు. నాలుగు పదహార్లు అరవై నాలుగు. వర్గమూలం 8. పదహారుకు బదులు ఎనిమిదితో దాదాపు అంతే కాపు దొరుకుతుంది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఒక పని జాగుకూ మరొక పని జాగుకూ సంబంధం ఉండకూడదు. వాన అలా కాదు. వాన వస్తే అన్నీ ఒకేసారి ఆగుతాయి. దానికి వేరుగా దినాలు పెట్టాలి. అవి ఊరిని బట్టి మారుతాయి. హోసూరు, కృష్ణగిరి వైపు అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనాన్ని లెక్కించాలి. బరంపురం తీరంలో అక్టోబరు అంటే తుఫాను భయం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన సంగతి అక్కడివారు మరచిపోలేదు. యానాంలో గోదావరి వరద కాలాన్ని చూసుకోవాలి. 2022 జూలై వరద గుర్తుండే ఉంటుంది. అదే ఇల్లు, అవే పనులు, నెలా ఊరూ మారితే రక్షణ గడువు మారుతుంది.

మన ఇంటికి జాగుల కోసం 8, వాన కోసం 7 అనుకుందాం. మొత్తం 15. ముహూర్తం 75వ రోజుకు కాదు, 90వ రోజు తరువాత చూడాలి. పురోహితుణ్ణి అడిగేటప్పుడే ఈ మాట చెప్పాలి.

రెండు వరుసలు కలిసే చోట మరో జాగ్రత్త కావాలి. రెక్కలు బిగించాలంటే నేలా సిద్ధంగా ఉండాలి, రెక్కలూ సిద్ధంగా ఉండాలి. ఒక్కొక్కటి సమయానికి వచ్చే అవకాశం సగం అయితే రెండూ వచ్చే అవకాశం పావు మాత్రమే. కాబట్టి కలిసే చోట చిన్న రక్షణ గడువు ఉండాలి. వడ్రంగి పనిని సున్నా రోజున మొదలుపెడితే కలపకు డబ్బు ముందుగా పెట్టాలి. తయారైన రెక్కలు పచ్చి పూత చెమ్మలో పడి వంకరపోవచ్చు. 17వ రోజున మొదలుపెడితే అసలు కాపు లేదు. ఏడో రోజున మొదలుపెడితే 47కు ముగుస్తుంది. డబ్బు వారం రోజులు చేతిలో ఉంటుంది, పది రోజుల కాపూ ఉంటుంది. వెసులుబాటును వాడుకోవడం అంటే ఇది. ముందే మొదలుపెట్టి మరచిపోవడం కాదు, చివరి దాకా ఆగడమూ కాదు.

గడువును కాపాడటం

రక్షణ గడువు పెట్టగానే పని అయిపోదు. దాన్ని చూసుకుంటూ ఉండాలి. పదిహేను రోజులను మూడు అయిదులుగా విడదీయండి. మొదటి అయిదు ఖర్చయితే కంగారు వద్దు, అవి ఖర్చు కావడానికే ఉన్నాయి. రెండో అయిదులోకి వస్తే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకోండి. మరో జట్టు ఎక్కడ దొరుకుతుంది, ఏ పనిని కుదించవచ్చు అని. మూడో అయిదులోకి వస్తే ఆలోచించినదాన్ని వెంటనే అమలు చేయండి. ఎంత పని మిగిలిందో కూడా పక్కన చూసుకోవాలి. పని సగం కాకముందే గడువులో మూడింట రెండు పాళ్లు పోతే అది ప్రమాద సూచన. రంగులు మాత్రమే మిగిలినప్పుడు అంతే పోతే పెద్ద భయం లేదు.

ఈ లెక్క ఎవరికి కనబడాలి? ఇంజనీరు సంచిలో ఉంటే ఉపయోగం లేదు. ఇంటి గోడ మీద, ఆ ఇంటివారూ పనివారూ చదవగలిగే భాషలో ఉండాలి. మేస్త్రీ తెలుగువాడైతే తెలుగులో, వడ్రంగి తమిళుడో కన్నడిగుడో ఒడియావాడో అయితే అతడి భాషలో కూడా. చదువు రానివారికి గీతలు చాలు. ఇంటి ఆడవాళ్లకు ఇది తప్పకుండా తెలియాలి. రోజూ పని దగ్గర ఉండి నీళ్లు పట్టించేది, ఎవరు వచ్చారో రాలేదో చూసేది చాలా ఇళ్లలో వారే. లెక్క మగవారి జేబులో, కాపలా ఆడవారి మీద అయితే జాగు తెలిసేసరికి చేయి దాటిపోతుంది.

ఇంకొక మాట. జాగైందని చెప్పినవాణ్ణి తిట్టకండి. తిడితే తరువాత చెప్పడు, మళ్లీ దినాలు దాచడం మొదలుపెడతాడు. రెండు రోజులు జాగవుతుంది అని ముందే చెప్పిన పనివాడు మనకు రెండు రోజుల మేలు చేసినట్టే.

మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరికే వస్తాను. నేను వేసిన లెక్కలో కూడికలో తప్పు లేదు. డెబ్బై అయిదు సరైన సంఖ్యే. తప్పు ఏమిటంటే, కీలక మార్గం పొడవునే ముగింపు తేదీగా పెట్టాను. రక్షణ గడువు ఒక్క రోజు కూడా ఉంచలేదు. ఆరు రోజులు జారగానే మా చేతిలో తీసుకోవడానికి ఏమీ లేక, తీసుకోకూడని దినాల మీద చేయి వేయబోయాం. రక్షణ గడువు లేని ప్రణాళిక చివరికి సిమెంటు దినాలను దొంగిలిస్తుంది, లేదా మనుషుల నిద్రను, వారి భద్రతను దొంగిలిస్తుంది. మధ్యరాత్రి దాకా సారువ మీద పని చేయించడం, తడి ఆరని గోడకు రంగు పూయించడం, కర్రలు ముందే విప్పించడం అన్నీ ఆ దొంగతనాలే. ఆ రోజు ఒక పెద్దాయన కాదన్నాడు కాబట్టి మా ఇంట్లో గోనెపట్టాలతో, చిన్నతనంతో పోయింది. అన్ని ఇళ్లలో కాదనేవాడు ఉండడు.

కనుక ఇల్లు మొదలుపెట్టేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ దినాలు ముట్టకూడనివి? ఏ దినాలు ఎవరెవరు పంచుకోవలసినవి? ఏ దినాలు అందరి కోసం చివర ఉంచినవి? ఈ మూడింటికీ సమాధానం రాసుకున్న తరువాతనే పంచాంగం తెరవండి.